తొలి గడియ పరిచర్య: నాడీ రోగములను, నేత్ర రోగములను గుర్తించుట ఎట్లు?

(పుదుచ్చేరి సమీపమున కిరుమాంబాక్కములో రైల్వే, తపాలా ఉద్యోగులకును వారి కుటుంబములకును ఏర్పాటైన ఆరోగ్య శిక్షణ తరగతిలో నర్సింగ్ బోధకుల పక్షమున చేయబడిన ప్రసంగ పాఠము.)



ఉద్యోగుల సభలలో జీతభత్యములను గూర్చియు, పనిగంటలను గూర్చియు మాటలాడుట వాడుక. నేడు మీరు మమ్ము పిలిచి మెదడును గూర్చి, కంటిని గూర్చి చెప్పుమని కోరితిరి. ఇదియు ఉద్యోగమునకు సంబంధించిన విషయమే. ఇంజను నడుపు లోకో పైలట్టు, పట్టాలు తనిఖీ చేయు కీమ్యాను, గేటు కాచు ఉద్యోగి, ఉత్తరములు విడదీయు సార్టరు, ఎండలో ఇంటింటికి తిరుగు పోస్టుమాను, వీరందరి అన్నము కంటిమీదను, కన్ను చూచినదానిని గ్రహించి చేతికి ఆజ్ఞ యిచ్చు మెదడుమీదను ఆధారపడియున్నది.

మేము వైద్యులము కాము. నర్సులము, నర్సులకు చదువు చెప్పువారము. రోగనిర్ణయము చేయుట, మందు వ్రాయుట వైద్యుని పని. కాని రేయింబవళ్ళు రోగి ప్రక్కన ఉండునది నర్సు. మార్పును మొదట చూచునది ఆమెయే. ఇంటిలో ఆ స్థానము భార్యది, తల్లిది, బిడ్డలది. పని స్థలములో ఆ స్థానము ప్రక్కన నిలిచిన సహోద్యోగిది. కావున తరగతిలో మా విద్యార్థినులకు చెప్పు పాఠమునే మీకు అనువైన రీతిలో చెప్పుచున్నాము.

ఆసుపత్రి దగ్గర, రోగి దూరము

మనము కూడియున్న ఈ కిరుమాంబాక్కము పుదుచ్చేరి నుండి కడలూరు పోవు రహదారిపై నున్న ఊరు. ఇచట ఆరుపడై వీడు వైద్య కళాశాల కలదు, నర్సింగ్ కళాశాల కలదు. ఇదే రహదారిపై తవళకుప్పములో 2003 నుండి అరవింద కంటి ఆసుపత్రి పనిచేయుచున్నది. పట్టణములో జిప్‌మర్ ఉన్నది. 1823లో ఫ్రెంచివారు నెలకొల్పిన వైద్య పాఠశాల దానికి మూలము. ఇదే పుదుచ్చేరి ప్రభుత్వము క్రింద నుండు యానాము మాత్రము ఎనిమిది వందల కిలోమీటర్లకు పైబడిన దూరమున గోదావరి ఒడ్డున నున్నది. అచటి తెలుగు కుటుంబము పెద్ద వైద్యమునకు ఇచటికి రావలెనన్న ఒక పగలు, ఒక రాత్రి ప్రయాణము తప్పదు.

దూరము వలన ఆలస్యమగుట అర్థము చేసికొనదగినది. అయితే ఆసుపత్రికి అరగంట దూరములో నున్న ఇంటివారును ఒక దినము గడిచిన పిదప వచ్చుచుందురు. కారణము దూరము కాదు. మూతి వంకర పోయినపుడు 'గాలి సోకినది, పడుకొన్న తగ్గును' అనుకొందురు. కన్ను ఎఱ్ఱబడినపుడు మందుల షాపులో చుక్కలు కొని వేసికొందురు. మరికొందరు, ముఖ్యముగా మీవంటి ఉద్యోగులు, జబ్బు బయటపడినచో ఉద్యోగము పోవునేమోనని దాచుకొందురు. ఈ మూడవ కారణమును గూర్చి చివర విపులముగా మాటలాడెదము.

పక్షవాతము: గడియారము చూడుము

మెదడునకు రక్తము కొనిపోవు నాళము గడ్డకట్టి మూసికొనిపోవుట వలన గాని, చిట్లుట వలన గాని పక్షవాతము వచ్చును. నాళము మూసికొన్నపుడు నిమిషమునకు సుమారు 19 లక్షల నాడీకణములు నశించునని శాస్త్రజ్ఞుల లెక్క. గుర్తులు నాలుగు: మూతి ఒక ప్రక్కకు జారుట, రెండు చేతులు ముందుకు చాచమన్నపుడు ఒక చేయి క్రిందికి దిగిపోవుట, మాట తడబడుట లేక అర్థము కాకుండుట, హఠాత్తుగా చూపు తగ్గుట లేక నడక తూలుట. వీనిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కన్పించినను పక్షవాతమనియే భావింపవలెను.

అపుడు మొదట చేయవలసినది గడియారము చూచుట. గడ్డను కరిగించు సూదిమందు లక్షణములు మొదలైన నాలుగున్నర గంటలలోపల ఇచ్చినగాని మేలు చేయదు. పెద్ద నాళములోని గడ్డను సన్నని గొట్టముతో తీసివేయు చికిత్స కొందరికి 24 గంటల వరకు సాధ్యపడుచున్నది. నిద్రనుండి లేచునప్పటికే చేయి పడిపోయియున్నచో, రోగిని చివరిసారి బాగుగా చూచిన సమయము నుండి లెక్కింతురు. రాత్రి డ్యూటీ ముగించి వచ్చి పండుకొన్న మనిషి విషయములో ఆ సమయము చెప్పగలిగినది ఇంటివారు, లేక డ్యూటీ అప్పగించుకొన్న సహోద్యోగి. ఆ ఒక్క సమాచారముపై చికిత్స ఆధారపడియుండును.

రెండవది, 108కు ఫోను చేసి, తలకు సి.టి. స్కాను సౌకర్యము గల ఆసుపత్రికి నేరుగా చేర్చుట. నాళము మూసికొన్నదా, చిట్లినదా అనునది స్కాను తీసినగాని తెలియదు. రెంటికిని చికిత్స వేరు. ఒకదానికి మేలు చేయు మందు రెండవదానికి ప్రాణాంతకము. అందువలన ఇంటివద్ద ఆస్పిరిన్ మాత్ర ఈయరాదు. మింగు శక్తి తగ్గియుండును గనుక నీరు గాని, కాఫీ గాని పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. మధుమేహ రోగి అయినచో రక్తములో చక్కెర చూడవలెను. చక్కెర బాగుగా పడిపోయినపుడును పక్షవాతము వంటి లక్షణములే కన్పించును. పావురము రక్తము పూయుట, పసరు పోయించుకొనుటకై బస్సెక్కించుట మన ప్రాంతములలో ఇంకను జరుగుచున్నవి. ఆ ప్రయాణములో పోవునది సమయము. సమయముతో పోవునది మెదడు.

కొందరికి చేయి పడిపోయి పది నిమిషములలో తిరిగి వచ్చును. 'తగ్గిపోయినది గదా' అని వారు పనికి పోవుదురు. ఇది రానున్న పెద్ద దెబ్బకు హెచ్చరిక. ఆ దినమే వైద్యుని చూడవలెను.

ఆసుపత్రినుండి ఇంటికి వచ్చిన పిదప నర్సు పని మీ చేతికి వచ్చును. మంచము పట్టిన రోగిని రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పవలెను. లేనియెడల వీపున, తుంటివద్ద పుండ్లు పడును. పడిపోయిన చేతిని పట్టి లాగి లేపరాదు. భుజము కీలు జారును. కూర్చుండబెట్టి, కొద్దికొద్దిగా, చిక్కని ఆహారము తినిపింపవలెను. కీళ్ళు బిగిసిపోకుండ దినమునకు పలుమార్లు మెల్లగా కదపవలెను. మాట పోయినవానితో మాటలాడుట మానరాదు. మాట పోయినను అర్థము చేసికొను శక్తి చాలమందికి ఉండును. రక్తపోటు మాత్ర ఒక్క దినమైనను మానరాదు.

ముఖవాతము: కంటిని కాపాడుము

మూతి వంకర పోయిన ప్రతి రోగియు పక్షవాత రోగి కాడు. ముఖమునకు పోవు ఏడవ కపాల నాడి వాచినపుడు ముఖములో ఒక సగము మాత్రము పడిపోవును. మా విద్యార్థినులకు చెప్పు తేడా యిది: కనుబొమలు పైకెత్తి నుదురు ముడుచుమని అడుగుము. ముఖవాతములో ఆ ప్రక్క నుదురు ముడుతపడదు, కన్ను మూతపడదు. మెదడు దెబ్బలో నుదురు సాధారణముగా ముడుతపడును. అయితే ఈ తేడాను ఇంటిలో తేల్చుకొని కూర్చుండరాదు. రెంటికిని ఆసుపత్రియే గతి. ముఖవాతమునకు మూడు దినములలోపల స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టినచో చాలమంది పూర్తిగా కోలుకొందురు.

ఈ రోగములో నిజమైన ప్రమాదము మూతికి కాదు, కంటికి. రెప్ప మూతపడని కన్ను ఎండిపోయి, నల్లగ్రుడ్డుపై పుండు పడి, చూపు పోవచ్చును. పగలు కన్నీటివంటి చుక్కలు, రాత్రి లేపనము వేసి రెప్పను మూసి పట్టీ అంటింపవలెను. స్పృహలేని రోగి విషయములోను ఇదే జాగ్రత్త అవసరము. ఊపిరిని, నాడిని గమనించుచు సగము తెరచియున్న రెప్పలను మరచినచో, ప్రాణము దక్కిన రోగికి చూపు దక్కదు.

మూర్ఛ: చేయవలసినది కొద్ది, చేయరానిది ఎక్కువ

ప్లాట్‌ఫారముపై ఒక మనిషి పడి కొట్టుకొనుచున్నాడు. చుట్టును ముప్పదిమంది మూగుదురు. ఒకడు తాళపుచెవుల గుత్తి చేతిలో పెట్టును, ఇంకొకడు ఉల్లిపాయ వాసన చూపును, మరియొకడు పండ్ల నడుమ చెంచా దూర్చును. ఇంతలో మూర్ఛ తనంతట తానే ఆగును. ఇనుము వలన ఆగినదని అందరును నమ్ముదురు. సాధారణముగా మూర్ఛ రెండు మూడు నిమిషములలో ఆగిపోవును. దానిని ఆపునది ఇనుము కాదు.

చేయవలసినది ఇది: పట్టాల అంచు, యంత్రము, మంట, నీరు వంటి అపాయములనుండి అతనిని తప్పింపుము. తల క్రింద మెత్తని గుడ్డ పెట్టుము. మెడవద్ద బొత్తాము వదులు చేయుము. కొట్టుకొనుట తగ్గగానే ఒక ప్రక్కకు ఒత్తిగిల జేయుము. నోటిలోని నురుగు బయటికి కారిపోవును. గడియారము చూడుము. అయిదు నిమిషములు దాటినను, తెలివి రాకుండ రెండవమారు వచ్చినను ఆసుపత్రికి చేర్పవలెను. నోటిలో ఏమియు పెట్టరాదు, కాళ్ళుచేతులు అదిమి పట్టరాదు, పూర్తిగా తెలివి వచ్చువరకు నీరు త్రాగింపరాదు.

మూర్ఛ దయ్యము కాదు, అంటువ్యాధి కాదు, పిచ్చి కాదు. సరియైన మందు సక్రమముగా వాడినచో నూటికి డెబ్బదిమంది వరకు మూర్ఛ లేకుండ జీవింపవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మందు హఠాత్తుగా మానుటయే ప్రమాదము. బిడ్డలు కనదలచిన స్త్రీలకు కొన్ని మూర్ఛ మందులు తగవు గనుక ముందుగానే వైద్యుని అడిగి మార్చుకొనవలెను, తాముగా మానరాదు. ఒకప్పుడు హిందూ వివాహ చట్టములో మూర్ఛ వివాహ రద్దునకు ఒక కారణముగా ఉండెడిది. 1999 సవరణలో దానిని తొలగించిరి. చట్టము మారినను మనసులు ఇంకను మారవలసియున్నవి.

తలకు దెబ్బ: కనుపాపలు చెప్పు సాక్ష్యము

పట్టాల పనిలోను, సైకిలు ప్రయాణములోను తలకు దెబ్బ తగులుట అరుదు కాదు. స్పృహ ఎంత ఉన్నదో కొలుచుటకు 1974లో గ్లాస్గో నగరపు వైద్యులు ఇద్దరు ఒక పట్టిక తయారుచేసిరి. కన్ను తెరచుటకు 4, మాటకు 5, కదలికకు 6, మొత్తము 15 మార్కులు. నేటికిని ప్రపంచమంతట నర్సులు దానినే వాడుచున్నారు. ఖరీదైన యంత్రమేదియు అక్కరలేదు, ఒక టార్చిలైటు చాలును. వెలుతురు పడినపుడు రెండు కనుపాపలు సమముగా చిన్నవి కావలెను. స్పృహ తగ్గుచున్న రోగికి ఒకటి పెద్దదిగా నిలిచిపోయినచో లోపల రక్తము చేరి మెదడును నొక్కుచున్నదని అనుమానింపవలెను.

ఇందులో ఒక మోసము కలదు. దెబ్బ తగిలి స్పృహ తప్పినవాడు లేచి కూర్చుండి, బాగుగా మాటలాడి, కొన్ని గంటలకు మరల మగతలో పడవచ్చును. నడుమ బాగుగానున్న ఆ కాలమును చూచి మోసపోరాదు. ఒకటికి రెండుసార్లు వాంతి, పెరుగుచున్న తలనొప్పి, మగత, మూర్ఛ, ముక్కునుండి గాని చెవినుండి గాని నీరు కారుట, వీనిలో ఏది కన్పించినను ఇంటికి పంపరాదు, ఒంటరిగా పండుకొననీయరాదు.

మెల్లగా వచ్చు నాడీ రోగములు

కొన్ని రోగములు దొంగవలె మెల్లగా వచ్చును. పార్కిన్సన్ రోగములో చేయి వణకుటకు ముందే చేవ్రాలు చిన్నదై కుంచించుకొనిపోవచ్చును. కౌంటరు వద్ద నిత్యము సంతకము చేయు తపాలా ఉద్యోగికి ఈ మార్పు మొదట తన రిజిస్టరులోనే కన్పించును. ఈ రోగమునకు మందు వేళ తప్పరాదు. ఒక గంట ఆలస్యమైనను కాళ్ళు నేలకు అతుకుకొన్నట్లగును. నర్సు గాని, ఇంటివారు గాని గడియారము ప్రకారము మందీయవలెను.

ముద్రలు కొట్టుటలోను, ఉత్తరములు విడదీయుటలోను మణికట్టును ఏండ్ల తరబడి ఒకే రీతిగా వంచువారికి బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు రాత్రివేళ తిమ్మిరెక్కి మెలకువ వచ్చుచుండును. మణికట్టు సొరంగములో నాడి నలుగుటయే కారణము. ఆరంభములో పట్టీ కట్టి, పని మార్చి నయము చేయవచ్చును. బొటనవ్రేలి క్రింది కండ కరిగిన పిదప శస్త్రచికిత్స చేసినను పూర్వపు బలము రాకపోవచ్చును. మధుమేహము గల పోస్టుమానుకు పాదములు మొద్దుబారినచో చెప్పులో మేకు గ్రుచ్చుకొనినను తెలియదు. ప్రతి రాత్రి పాదములు కడిగి, తుడిచి, అద్దముతో అరికాలు చూచుకొనుట మందంత ముఖ్యము. చర్మముపై స్పర్శ లేని మచ్చ కన్పించినచో కుష్ఠు పరీక్ష చేయించుకొనవలెను. మందు ఉచితము, రోగము పూర్తిగా నయమగును.

ఎఱ్ఱబడిన కన్ను, దెబ్బతిన్న కన్ను

కండ్లకలక అందరికి తెలిసినదే. దురద, పుసి, ఎఱ్ఱదనము ఉండును. చూపు మాత్రము చెడదు. వారము పది దినములలో దానంతటదే తగ్గును. చేతులు కడుగుకొనుట, తువాలు వేరుగా పెట్టుకొనుట ముఖ్యము. చూపు మందగించినను, లోతైన నొప్పి ఉన్నను, వెలుతురు చూడలేకపోయినను అది కండ్లకలక కాదు. నల్లగ్రుడ్డుపై పుండు కావచ్చును. వరికోతలలో గింజ తగిలిన కంటికి ఆకు పసరు, ఆముదము, చనుబాలు పోయుట వలన పోయిన చూపు ఇంతంత కాదు. షాపులో కొన్న స్టెరాయిడ్ చుక్కలు రెండు దినములు హాయినిచ్చి, పుండును లోతునకు దింపును. నెలల తరబడి వాడినచో కంటిలో ఒత్తిడి పెంచి నీటికాసులు తెచ్చును.

సున్నము కంటిలో పడుట మిక్కిలి అపాయకరము. ఆమ్లముకన్న సున్నము లోతుగా పోవును. అపుడు వైద్యుని వెదకుటకు ముందే నీటిని వెదకవలెను. శుభ్రమైన నీటిని రెప్పలు విప్పి అరగంట సేపు ధారగా పోసి, ఆ తరువాత ఆసుపత్రికి పోవలెను. పట్టాలపై సుత్తి దెబ్బకు ఎగిరిన ఇనుప ముక్క కంటిలో గ్రుచ్చుకొనినచో దానిని పెరికివేయరాదు, నలుపరాదు, ఒత్తి కట్టు కట్టరాదు. కాగితపు కప్పును కంటిపై బోర్లించి అంటించి తీసికొనిపోవలెను. రక్షణ కళ్ళజోడు పెట్టుకొనుట వీనియన్నింటికన్న సులభము.

శుక్లములు, నీటికాసులు, మధుమేహ నేత్రము, చత్వారము

2015–19 నడుమ జరిగిన జాతీయ సర్వేలో, ఏబది యేండ్లు దాటినవారి అంధత్వములో 66.2 శాతము శుక్లముల వలననే అని తేలినది. అనగా మూడింట రెండు వంతుల అంధత్వము చిన్న శస్త్రచికిత్సతో తొలగిపోవునట్టిది. శుక్లమును కరిగించు చుక్కలు లేవు. 'ముదరనిండు' అని ఏండ్లు గడుపనక్కరలేదు; పనికి అడ్డమైనపుడే తీయించుకొనవచ్చును. శస్త్రచికిత్స జరిగిన తరువాత నొప్పి, ఎఱ్ఱదనము, చూపు తగ్గుట కన్పించినచో మరునాటి వరకు ఆగరాదు.

ఈ విషయములో దక్షిణాది పేరు నిలిపిన వైద్యులు ఉన్నారు. కీళ్ళవాతముతో వ్రేళ్ళు వంకరపోయిన డాక్టర్ జి. వెంకటస్వామి ప్రభుత్వోద్యోగ విరమణ తరువాత 1976లో మదురైలో 11 పడకలతో అరవింద ఆసుపత్రిని ఆరంభించిరి. పల్లెల నుండి వచ్చిన యువతులకు రెండేండ్ల శిక్షణ యిచ్చి, కంటి పరీక్షలోను పరిచర్యలోను అధిక భాగము వారి చేతికప్పగించుటయే ఆ సంస్థ విజయ రహస్యము. హైదరాబాదులో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ కూడ పల్లెలలో దృష్టి కేంద్రములు నెలకొల్పి ఆ పనినే తెలుగునాట చేయుచున్నది.

నీటికాసులు అంతకన్న మోసకరము. నొప్పి ఉండదు, ఎదుటి చూపు చెడదు. ప్రక్క చూపు మాత్రము అంచులనుండి హరించుకొనిపోవును. ఒకసారి పోయిన చూపు తిరిగి రాదు, మిగిలినదానిని నిలుపుకొనుటయే చికిత్స. నలుబదియేండ్లు దాటినవారు, తల్లిదండ్రులకు గాని తోబుట్టువులకు గాని ఈ జబ్బు గలవారు, కంటి ఒత్తిడిని, దృష్టి నాడిని పరీక్ష చేయించుకొనవలెను. ఒకరకపు నీటికాసులు మాత్రము హఠాత్తుగా వచ్చును: తీవ్రమైన కంటినొప్పి, తలనొప్పి, వాంతులు, దీపము చుట్టు రంగుల వలయములు. దీనిని పైత్యమని, తలనొప్పి అని తలచి రాత్రి గడిపినచో ఉదయమునకు చూపు ఉండకపోవచ్చును.

చుక్కలు వేసికొను పద్ధతియు నేర్వదగినది. చేతులు కడిగి, క్రింది రెప్పను లాగి, ఒక్క చుక్క మాత్రము వేసి, సీసా మొన కంటికి తగులకుండ చూచి, కన్ను మూసి ముక్కువైపు మూలను రెండు నిమిషములు ఒత్తి పట్టవలెను. రెండవ మందునకు అయిదు నిమిషములు ఆగవలెను.

మధుమేహము గలవారు చూపు బాగుగా నున్నను ఏటేట కనుపాపను విప్పజేసి లోపలి నేత్రపటలమును పరీక్ష చేయించుకొనవలెను. చూపు తగ్గినదని తెలియునప్పటికి రోగము ముదిరియుండును. హఠాత్తుగా ఒక కంటికి తెర పడినట్లైనను, మెరుపులు, నల్లని చుక్కల వాన కన్పించినను అది ఆ గంటలో చూపవలసిన జబ్బు. ఇక చత్వారము రోగము కాదు, వయసు. నలుబది దాటిన సార్టరు చీటీని చేయి చాచి దూరముగ పట్టి చదువుచున్నచో అతనికి కావలసినది మందలింపు కాదు, కళ్ళజోడు.

కంటికి, నాడికి ఒకే విషము

దృష్టి నాడి మెదడులోని భాగమే. అందువలన కొన్ని విషములు చూపు ద్వారా తమను తెలుపుకొనును. 2023 మే నెలలో పుదుచ్చేరికి పొరుగున నున్న మరక్కాణము ప్రాంతమున, 2024 జూనులో కళ్ళకురిచ్చిలో కల్తీ సారాయి ఘోరములు జరిగినవి. కళ్ళకురిచ్చిలో అరువదిమందికి పైగా మరణించిరి; బాధితులలో పలువురిని జిప్‌మరునకు తెచ్చిరి. అందలి విషము మిథనాల్. త్రాగిన వెంటనే ఏమియు తెలియదు. పన్నెండు గంటలకో, ఇరువదినాలుగు గంటలకో కడుపునొప్పి, ఆయాసము, కన్నులకు మంచు క్రమ్మినట్లగుట మొదలగును. వెంటనే చేర్చినచో విరుగుడు మందు ఇచ్చి, రక్తశుద్ధి చేసి ప్రాణమును, చూపును కాపాడు అవకాశము కలదు. సిగ్గుచేత, పోలీసు భయముచేత దాచినవారే ఎక్కువగా నష్టపోవుదురు.

రెండవది, క్షయకు వాడు మందులలో ఒకటైన ఇథంబ్యుటాల్. అది కొందరిలో దృష్టి నాడిని దెబ్బతీయును. తొలి గుర్తు ఎఱుపు, ఆకుపచ్చ రంగులు వెలవెలబోవుట. సిగ్నలు చూచి పనిచేయు రైల్వే ఉద్యోగికి ఇది ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు. క్షయ మందును తానుగా మానరాదు. రంగు మారిన దినమే వైద్యునికి చెప్పవలెను. సకాలములో ఆ ఒక్క మందును ఆపించినచో చూపు చాలవరకు తిరిగి వచ్చును.

దాచుకొనుట ఎందుకు?

1875 నవంబరులో స్వీడన్ దేశపు లాగెర్‌లుండా వద్ద రెండు రైళ్ళు ఢీకొని తొమ్మిదిమంది మరణించిరి. ఒక ఉద్యోగి రంగులు గుర్తింపలేకపోవుటయే కారణము కావచ్చునని హోల్మ్‌గ్రెన్ అను శాస్త్రజ్ఞుడు వాదించి, రంగుల ఉన్ని పోగులతో ఉద్యోగులను పరీక్షించిరి. రైల్వేలలో రంగుల చూపు పరీక్ష వ్యాపించుటకు అది నాంది. ప్రయాణికుల ప్రాణములకై పెట్టిన పరీక్ష అది. దానిని మేము సమర్థించుచున్నాము. 2000 నాటి భారత రైల్వే వైద్య నియమావళి ప్రకారము ఎ-1, ఎ-2, ఎ-3 తరగతుల ఉద్యోగులకు 45 ఏండ్ల వరకు నాలుగేండ్లకొకసారి, 55 వరకు రెండేండ్లకొకసారి, ఆపై ఏటేట పరీక్ష నిర్ణయింపబడినది.

అయితే పరీక్ష అనగానే ఉద్యోగికి గుండెదడ. అక్షరముల పట్టీని కంఠస్థము చేయువారు, మధుమేహమును, మూర్ఛను చెప్పనివారు ఉన్నారని మనకందరికి తెలియును. వారిని నిందించుట సులభము. ఇల్లు గడువవలెనను భయము వారిచేత దాపించుచున్నది. ఆ భయమునకు చట్టము జవాబు చెప్పియున్నది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 20వ సెక్షను, 4వ ఉపసెక్షను ప్రకారము, సర్వీసులో నుండగా అంగవైకల్యము కలిగిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తొలగింపరాదు, హోదా తగ్గింపరాదు. పాత పనికి తగనిచో అదే వేతన శ్రేణితో, అవే సర్వీసు ప్రయోజనములతో వేరొక పనికి మార్చవలెను. అట్టి ఖాళీ లేనిచో అది వచ్చువరకు గాని, పదవీ విరమణ వరకు గాని అదనపు పోస్టులో ఉంచవచ్చును.

ఇది కాగితముపై మిగిలిన మాట కాదు. తెలంగాణ రోడ్డు రవాణా సంస్థలో రంగుల చూపు లోపమున్నదని తొలగింపబడిన ఒక డ్రైవరు విషయములో, అతనికి తగిన ప్రత్యామ్నాయ ఉద్యోగమీయవలెనని సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో తీర్పు చెప్పినది. ఆ తీర్పునకు ఆధారములలో ఒకటి 1979లో కార్మికులకును సంస్థకును నడుమ కుదిరిన ఒప్పందములోని ఒక నిబంధన. నలుబది యేండ్లకు పూర్వము సంఘము వ్రాయించిన నాలుగు పంక్తులు, ఆనాడు ఉద్యోగములో లేని ఒక మనిషి అన్నమును నిలబెట్టినవి.

కావున జబ్బును దాచవలదు. దాచినచో చూపు పోవును, ప్రమాదము జరుగును, అపుడు చట్టము ఇచ్చు రక్షణయు బలహీనపడును. సకాలములో చెప్పినవానికి చికిత్సయు ఉన్నది, హక్కును ఉన్నది.

శాఖలు చేయదగిన పనులు

చివరగా, మీ శాఖలు పెద్ద ఖర్చు లేకుండ చేయదగిన పనులు కొన్ని మనవి చేయుచున్నాము. ప్రతి స్టేషనులోను, ప్రతి తపాలా కార్యాలయములోను సి.టి. స్కాను గల దగ్గరి ఆసుపత్రి పేరు, దూరము, 108 సంఖ్య గోడపై వ్రాయింపుడు. పట్టాల పని ముఠాతో కళ్ళు కడుగుటకు శుభ్రమైన నీటి సీసా, రక్షణ కళ్ళజోళ్ళు ఉండునట్లు పట్టుబట్టుడు. ఏడాదికొకమారు రక్తపోటు, చక్కెర, కంటి ఒత్తిడి పరీక్షల శిబిరము నడుపుడు. కేంద్ర ప్రభుత్వోద్యోగుల వైద్య సదుపాయము అందని గ్రామీణ డాక్ సేవకులను, కాంట్రాక్టు పనివారిని ఆ శిబిరమునకు మొదట పిలువుడు. వైద్య పరీక్షలో తప్పిన సభ్యుని ఒంటరిగా ఆఫీసునకు పంపక, 20వ సెక్షను ప్రతితో ఒక ప్రతినిధి తోడు పోవునట్లు చూడుడు. ఈ తరగతికి మీ భార్యలను, భర్తలను, తల్లులను కూడ పిలిచితిరి. ఇకముందు తరగతులకును వారిని పిలువుడు. అర్ధరాత్రి మూతి వంకర పోయినపుడు ప్రక్కన ఉండువారు వారే.

వైద్యవిద్య ఎంత పెరిగినను, మొదటి గడియ ఆసుపత్రి చేతిలో లేదు. అది ప్రక్కవాని చేతిలో నున్నది. ఆ ప్రక్కవాడు గుర్తించువాడు కావలెను, తొందరపడువాడు కావలెను, కీడు చేయనివాడు కావలెను. నర్సింగ్ అనగా అంతియే. మీలో ప్రతి ఒక్కరును ఆ కొంచెము నర్సింగ్ నేర్చుకొనవలెనని కోరుచున్నాము.